చాట బొమ్మ వెనకున్న మనిషి

పోయిన వారం మనం మహిమను అడవి పల్లెలో, ఫోన్ సిగ్నల్ దొరికే బండ మీద, పువ్వు ఏరే నాగక్క ఎదుట నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

మహిమ భద్రాచలంలో సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తుంది. రీచార్జికి వచ్చే అడవి పల్లెల ఆడవాళ్ళతో పరిచయం పెంచుకుని, వాళ్ళు ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వునూ తేనెనూ మధిర, ఖమ్మం ఊళ్ళలోని తన చర్చి పరిచయాల వాళ్ళకు వాట్సాప్‌లో చెప్పి అమ్మిపెడుతోంది. ఆ ఆడవాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఫోన్‌లో పేరు చూడరు, బొమ్మ చూస్తారు. ఎర్రగుడ్డ అంచు కుట్టిన చాటలో ఆరబోసిన ఇప్పపువ్వు కనబడితే అది మహిమ. దాన్ని నొక్కి మాట్లాడితే మహిమకు చేరుతుంది, అంతే లెక్క.

ఇలా సాగుతుండగా శ్రమ దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ కొందరు మాంసం మానేస్తారు, కొందరు టీ మానేస్తారు. మహిమ స్టేటస్‌లు మానేసింది. గ్రూపుల పనీ, ఆడవాళ్ళ నంబర్లూ మధిరలో ఉండే చిన్నమ్మ కూతురు దీవెనకు అప్పజెప్పి, చాట బొమ్మ తీసేసి, నల్లటి తెర మీద సన్నటి శిలువ పెట్టుకుంది. పట్నంలో అది భక్తి. అడవిలో నల్లబొమ్మ అంటే ఆ ఇంట్లో చావు జరిగిందని అర్థం. పువ్వు రాలే రోజుల్లో చావు కబురు చెవిన పడకూడదని ఆ పల్లె కట్టు. దాంతో మహిమ పంపిన మాటలను ఒక్కరూ తెరవలేదు. ఈ సందులో ఎవరో అదే చాట బొమ్మను తమ నంబరుకు తగిలించుకుని ఆ ఆడవాళ్ళ మూటలన్నీ చౌకగా లాగేశారు. "మా పువ్వు తీస్కొని మా నోట్ల మట్టి కొడ్తివి గద పిల్లా" అని నాగక్క బండ మీద నిలదీసినప్పుడు గానీ మహిమకు సంగతి తెలియలేదు.

ఆ చాట వెనక ఉన్నదెవరు? అది తేల్చుకోవడానికే ఇద్దరూ కలిసి శుక్రవారం సంతకు బయలుదేరారు.

* * *

దుమ్ముగూడెం దారిలో జరిగే ఆ సంతలో ఎండుచేపల వాసన ఒకవైపు, వేడి మిరపకాయ బజ్జీల వాసన మరోవైపు. మధ్యలో నీలం పరదాతో డేరా వేసుకుని, ముందు కాటా పెట్టుకుని కూర్చున్నాడు రాందాస్. ఉప్పూ సబ్బులూ అమ్మి, బదులుగా అడవి సరుకు కొనే వ్యాపారి. మాట మెత్తన. ఎవరు వచ్చినా ముందు మంచినీళ్ళు ఇస్తాడు. ఆ నీళ్ళు తాగినవాళ్ళు తరవాత బేరం గట్టిగా ఆడలేరు, అదీ అతని తెలివి.

ఆ దొంగ చాట పంపిన ఆటో నాగక్కనూ, ఆమె పల్లెకే చెందిన పున్నమ్మనూ, మరికొందరు ఆడవాళ్ళనూ వాళ్ళ మూటలతో సహా సరిగ్గా ఆ డేరా ముందే దింపింది. వాళ్ళ మధ్యలో తలకూ మొహానికీ గుడ్డ చుట్టుకుని, చంకలో ఒక చిన్న మూటతో మహిమ కూడా దిగింది. ఎండకు మొహం కప్పుకునే ఆడవాళ్ళు సంతలో సగం మంది ఉంటారు కాబట్టి ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. లోపల మాత్రం కోపంతో ఉడికిపోతోంది. ఇన్ని రోజులూ తన మీద తనే కోప్పడింది. ఇప్పుడా కోపానికి ఒక మనిషి దొరకబోతున్నాడన్న ఆత్రం ఆమెది.

ఎందుకంటే ఆమె పోగొట్టుకున్నది పువ్వు కాదు. దుకాణంలో ఒక్కొక్క ఆడమనిషినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరికీ గుర్తుండే బొమ్మ వెతికి పెట్టి, "ఇది నొక్కు, మాట్లాడు, వేలు తియ్" అని నేర్పి, వాళ్ళ భయం పోగొట్టి కట్టుకున్న బంధం అది. అటు మధిరలోనూ అంతే. గొంతు వినని మనిషిని ఆమె ఏ గ్రూపులోనూ చేర్చదు. పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు పంపదు. ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరికి తీపి పడదో ఆమెకు తెలుసు. "మనుషుల్ని పోగేసుకుంటే సరిపోదు, మేపుకోవాలె" అని నాగక్క ఒకసారి మేకలను చూపించి అంటే మహిమ పకపకా నవ్వి, ఆ మాటే తన సూత్రంగా పెట్టుకుంది. అటువంటిది ఎవడో ఒక బొమ్మ దొంగిలించి తన పేరు మీద ఈ ఆడవాళ్ళ కడుపు కొడితే ఎలా ఊరుకుంటుంది?

రాందాస్ మొదటి మూట విప్పి, గుప్పెడు పువ్వు తీసి నలిపి, పెదవి విరిచాడు.

"పువ్వుల తడి ఉన్నది నాగక్కా. మేడం తడి పువ్వు ఒద్దంటున్నది. ఏం జేస్తం, ధర జర తగ్గుతది."

"ఏ మేడం?" అంది నాగక్క.

"మీ మేడమే, మహిమ మేడం. ఇంట్ల ఎవరో పోయిండ్రు గద, పాపం, బయటికి వస్తలేదు. అన్ని నన్నే చూస్కోమని చెప్పింది. నాదేమున్నది, తూకం వేసి పంపుడు తప్ప."

మహిమ ఇంట్లో తల్లీ తండ్రీ తమ్ముడూ అందరూ లక్షణంగా ఉన్నారు. ఇంటిల్లిపాదీ బతికుండగా వాళ్ళ చావును ధర తగ్గించడానికి వాడుకునే మనిషిని ఆమె జన్మలో చూడలేదు. అనుకున్న ప్రకారం ఇంకాసేపు ఊరుకోవాలి. ఊరుకోలేకపోయింది. మొహానికి చుట్టుకున్న గుడ్డ లాగేసింది.

"మా ఇంట్ల పోయింది ఎవరు సేటూ? జర పేరు చెప్పు, నేను కూడ ఏడుస్త."

రాందాస్ చేతిలోని పువ్వు జారి కాటాలో పడింది. అయినా వ్యాపారి కదా, మొహం సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఓ, మహిమమ్మా! నువ్వే వచ్చినవా, మంచిదాయె. కూసో, నీళ్ళు తాగు. పువ్వంత నీకే పంపుతున్న గదమ్మా."

"నీళ్ళు ఒద్దు. ఎవరితోని పంపినవ్?"

"ఆటోల."

"ఏ ఆటో? డ్రైవరు పేరేంది?"

"రోజుకొకడు వస్తడు, పేర్లు ఎవరికి గుర్తుంటయి? నువ్వు చాట బొమ్మ నుంచి చెప్తివి, నేను చేస్తి. ఇప్పుడు అందరి ముంగట నన్ను దొంగను చేస్తవా?"

చుట్టూ జనం మూగారు. ఎండుచేపల ఆవిడ గిరాకీ వదిలేసి వచ్చి ముందు నిలబడింది. రాందాస్ గొంతులో న్యాయం ఎంత బాగా పలికిందంటే, మూటలు తెచ్చిన ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మహిమ వంక అనుమానంగా చూశారు. ఇన్నాళ్ళ నమ్మకం ఇంత తేలికా అని మహిమకు దుఃఖం పొంగుకొచ్చింది. దాన్ని అక్కడే దిగమింగింది.

"సరే సేటూ. చాట బొమ్మ నాదే అంటున్నవ్ గద. అట్లయితే చాటకు మాట పంపితే నా ఫోన్ మోగాలె." తన ఫోన్ తీసి అందరికీ కనబడేలా పున్నమ్మ చేతిలో పెట్టింది. "నాగక్కా, నువ్వు పంపు."

నాగక్క రవికెలోంచి తన ఫోన్ తీసింది. సంత రోడ్డు పక్కనే కాబట్టి ఇక్కడ సిగ్నల్‌కు కొదవ లేదు. ఆమె ఫోన్‌లో మేక బొమ్మ ఉంది, గడియారం బొమ్మ ఉంది, నెమలి బొమ్మ ఉంది, వాటన్నిటికీ పైన చాట ఉంది. చాటను నొక్కి, ఫోన్‌ను రొట్టెముక్కలా నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అంది:

"ఓ చాటా, ఎక్కడున్నవే?"

వేలు తీసింది. పున్నమ్మ చేతిలోని ఫోన్ పలకలేదు, ఉలకలేదు. రాందాస్ చొక్కా జేబులో మాత్రం 'టింగ్' మంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని పెద్దలు ఊరికే అనలేదు. రాందాస్ చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. అది చూసి ఎండుచేపల ఆవిడ కిసుక్కున నవ్వింది.

"నా ఫోనుకు వంద మెసేజులు వస్తయి. ఇది కొడుకు పంపింది అయ్యుంటది."

"అవ్, వస్తయి," అంది నాగక్క. వెనక్కి తిరిగి తమ భాషలో ఆడవాళ్ళతో ఏదో చెప్పింది. అనుమానంగా చూసినవాళ్ళతో సహా అందరూ ఫోన్లు తీశారు. ఒకామె "ఓ చాటా" అంది. ఇంకొకామె "పలకవేందే" అంది. మూడో ఆవిడ మాట తోచక దగ్గింది. టింగ్, టింగ్, టింగ్ అని రాందాస్ జేబు పెళ్ళివారి బ్యాండులా అందుకుంది. సంతంతా గొల్లుమంది.

నాగక్క మాత్రం నవ్వలేదు. ఈసారి మాట పంపడం కాదు, ఏకంగా కాల్ చేసింది. జేబులో ఫోన్ గణగణా మోగింది. రెండడుగుల దూరంలో నిలబడి, ఫోన్ చెవిన పెట్టుకుని, రాందాస్ కళ్ళల్లోకి చూస్తూ అంది:

"ఎత్తు సేటూ, నేనే."

రాందాస్ జేబులో చెయ్యి పెట్టి ఆ మోత ఆపేశాడు. ఇక దాచి లాభం లేదని తెలిశాక, ఆ మెత్తని మాట ఎక్కడికి పోయిందో గానీ, అసలు మనిషి బయటికి వచ్చాడు.

"అవ్, నేనే పెట్టిన! అయితే ఏంది? గా ఫోటోకు పట్టా ఉన్నదా? చాట మీద మహిమ అని పేరు రాసి ఉన్నదా? నంబర్లు గాలిల ఉంటయి, ఎవలకు దొరికితే వాళ్ళయి. నేను ఎవరి ఇంట్ల జొరబడి దొంగతనం చెయ్యలే. వాళ్ళే మాట పంపిండ్రు, వాళ్ళే మూటలు తెచ్చిండ్రు. పో, ఏ స్టేషన్‌ల చెప్పుకుంటవో చెప్పుకో పో."

జనంలో నవ్వు ఆగిపోయింది. నిజమే కదా, ఫోటోకు పట్టా ఎవరిస్తారు? మహిమ నోరు తెరిచేలోపే నాగక్క ముందుకు వచ్చింది. ఎత్తు తక్కువ మనిషి, కాటా పక్కన నిలబడితే కాటా గొలుసులే ఆమెకంటే పైన ఉన్నాయి. గొంతు మాత్రం సంత చివరి దాకా వినబడింది.

"ఇప్పచెట్టుకు పేరు రాసి ఉంటదా సేటూ?"

రాందాస్ కాటా గొలుసు సర్దుతున్నట్టు నటించాడు.

"అడవిల ఎన్ని ఇప్పచెట్లున్నయి? ఒక్కదానికి కంచె ఉన్నదా, పట్టా ఉన్నదా? అయిన గూడ ఏ చెట్టు ఎవల్దో మాకు తెల్వదా? మా అత్త ఏరిన చెట్టు కింద నేను ఏరుత, పున్నమ్మ తల్లి ఏరిన చెట్టు కింద పున్నమ్మ ఏరుతది. నాకు జెరమొచ్చి పోకపోతే పువ్వు నేల మీదనే వాడిపోతది గాని, ఒక్క పువ్వు ఇంకొకరు ముట్టరు. నువ్వు ఇన్నేండ్ల నుంచి మా పువ్వు కొంటున్నవ్. ఈ ముచ్చట నీకు తెల్వదా?"

"తెలుసు," అన్నాడు రాందాస్, అనకుండా ఉంటే బాగుండేదని వెంటనే అనిపించినట్టు.

"తెలుసు గద. ఇంకొకరి చెట్టు కింద ఏరినోళ్ళు ఏం జెయ్యాలె? అది గూడ తెలుసు గద."

అది అందరికీ తెలుసు. పొరపాటున ఏరినా, కావాలని ఏరినా, ఏరినవాళ్ళే ఆ పువ్వును తమ నెత్తిన పెట్టుకుని పోయి, చెట్టుగలవాళ్ళ ముంగిట్లో దించాలి. పల్లె కట్టు అది. ఎవరూ తిట్టరు, కొట్టరు. ఆ నడకే శిక్ష.

"ఈ పిల్ల మమ్ములను ఒక్కొక్కరిని కూసోబెట్టుకొని మాట నేర్పింది. ఈ చెట్టు ఆమెది. దాని కింద నువ్వు ఏరినవ్. మూటలు నెత్తిన పెట్టు."

"నేనా? నేను మూటలు మొయ్యాల్నా?"

"నువ్వే."

"మొయ్యకపోతే?"

నాగక్క తన ఫోన్ పైకెత్తి అతనికి చూపించింది. "గీ మేక బొమ్మ ఒక పల్లె. గీ గడియారం ఒక పల్లె. గీ నెమలి ఏరవతల పల్లె. ఈడికెల్లే ఒక్క మాట పంపుత. పొద్దుమూకే లోపట అన్ని బండల మీద వింటరు. రేపటిసంది నీ కాటాల ఒక్క పువ్వు పడితే నన్నడుగు."

రాందాస్ చుట్టూ చూశాడు. నీళ్ళు తాగి మెత్తబడే మొహం ఒక్కటీ కనబడలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వేళ్ళు ఫోన్ల మీద పెట్టి నిలబడ్డారు. ఇంతకాలం తన బేరానికి తలలూపిన వాళ్ళే. ఎంత పెద్ద వ్యాపారికైనా సరుకు రాకపోతే కాటా ఇనప ముక్కే కదా. అతను పంచె ఎగ్గట్టి, పళ్ళు బిగబట్టి, మొదటి మూట నెత్తిన పెట్టుకున్నాడు.

డేరా దగ్గర్నుంచి మహిమ నిలబడిన చోటుకు ఎంతో దూరం లేదు. అయినా ఒక్కొక్క మూటే మోసుకొచ్చి దించుతుంటే అతని మెడ నరాలు ఉబ్బాయి. మహిమ మూటల వైపు చూడలేదు, అతని వైపే చూసింది.

"అయిపోలే సేటూ. బొమ్మ తియ్."

అతను ఫోన్ తీసి రుసరుసలాడుతూ నొక్కాడు. ఆడవాళ్ళందరూ తమ తమ ఫోన్లలోకి తొంగి చూశారు. చాట పోయింది. దాని చోట మొహం లేని బూడిదరంగు మనిషి బొమ్మ వచ్చింది. "ఇప్పుడు సరిగ్గున్నది, అచ్చం గిట్లనే ఉంటడు" అంది పున్నమ్మ. ఆ మాటకు నాగక్క కూడా నవ్వింది.

మహిమకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. వంగి నాగక్క చేతులు పట్టుకుంది. "అక్కా, నల్లబొమ్మ ఈరోజే తీసేస్త" అంది. "తియ్యకు. మీ దేవుని కోసం పెట్టుకుంటివి, ఉండనియ్. మాకు చెప్పినవ్ గద, ఇగ తెరుస్తం" అంది నాగక్క.

ఇంతటితో కథ కంచికి పోయేదే. కానీ ఓడిపోయినవాడు ఊరికే పోడు కదా. రాందాస్ కండువాతో మెడ తుడుచుకుంటూ మహిమ దగ్గరికి వచ్చాడు. మళ్ళీ అదే మెత్తని గొంతు.

"గెలిచినవ్ అనుకుంటున్నవా చెల్లె? ఈ ఆడోళ్ళ నంబర్లు నాకు కలల వచ్చినయా? గా చాట ఫోటో నా ఫోన్లకు నడుసుకుంట వచ్చిందా? నీ ఇంట్ల అడుగు. మధిరల అడుగు." అని, ఫోన్ చెవిన పెట్టుకుని డేరా వెనక్కి పోయాడు. "హలో, ఈడ అంతా బయటపడ్డది" అన్న మాట మాత్రం వినబడింది.

మధిరలో. మహిమ డేరా వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది.

ఆ నంబర్లన్నీ ఉన్నది తన దగ్గర, మధిరలో దీవెన దగ్గర. మూడో మనిషి లేరు. దీవెనా అలా చేస్తుందా? ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. గ్రూపులు తెరిచింది కూడా దీవెన ఫోన్‌లోనే. అప్పట్లో మహిమ ఫోన్ పాతది, నలుగురిని చేర్చేసరికి వేడెక్కి ఆగిపోయేది. "నీ ఫోన్ అయితేంది, నా ఫోన్ అయితేంది అక్కా" అని దీవెన అంటే ఎంత ముచ్చట పడింది! ఆ తరవాతే పేచీలు మొదలయ్యాయి. ఎవరు పడితే వాళ్ళను చేర్చి వేలమందిని చేద్దామంటుంది దీవెన. తెలిసినవాళ్ళు చాలంటుంది మహిమ. "నువ్వు ప్రేమలు పెంచుకో, నేను వ్యాపారం పెంచుత" అని క్రిస్మస్ రోజుల్లో ఒకసారి విసురుగా అంది కూడా. ఆ తరవాత ఏడ్చి కౌగిలించుకుంది. శ్రమ దినాల్లో స్టేటస్‌లు మానేస్తానంటే, "నలభై రోజులు నువ్వు ప్రార్థన చూస్కో అక్కా, గ్రూపులు నేను చూస్కుంట" అని మురిపెంగా చెప్పిందీ ఆ దీవెనే.

పున్నమ్మ చేతిలోని మహిమ ఫోన్ అప్పుడు మోగింది. పున్నమ్మ పరుగున తెచ్చి ఇచ్చింది. తెర మీద ఒక గీత: దీవెన మిమ్మల్ని తొలగించారు. మధిర గ్రూపు. చదివేలోపే ఇంకొకటి, ఖమ్మం గ్రూపు. దాని వెనక చర్చి అక్కల గ్రూపు. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటుంటే మహిమ చూస్తూ నిలబడింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నా లాభమేముంది, ఇల్లే పోతుంటే?

"ఏమైంది పిల్లా?"

"నా మనుషుల నుంచి నన్ను తీసేసింది నాగక్కా. మా చెల్లె."

నాగక్క ఆలోచించింది. "నిన్ను తీసేస్తే నువ్వు పోతవు. వాళ్ళేడికి పోతరు? ఊర్లనే ఉంటరు గద?"

మహిమ తలెత్తింది. ఎంత చిన్న మాట! గ్రూపు దీవెనది కావచ్చు. మనుషులు మాత్రం ఒక్కొక్కరూ తన ఫోన్‌లో పేరుపేరునా ఉన్నారు. ఏ ఊరో, ఏం ఇష్టమో రాసి పెట్టుకున్న పేర్లు. కళ్ళు తుడుచుకుని వెళ్ళి మూటల మీద కూర్చుంది. మొదట కనబడిన పేరు మధిర రిబ్కక్కది. బట్టలు కుడుతుంది, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వీడియో కాల్ నొక్కింది.

చాలాసేపు మోగాక తెర మీద రిబ్కక్క మొహం వచ్చింది. ఏదో వరండాలో నిలబడి, తల మీద చెంగు కప్పుకుని, రహస్యం చెబుతున్నట్టు మాట్లాడింది.

"అయ్యో తల్లీ, నువ్వే చేశావా? మాట్లాడొచ్చా నువ్వు? ఆపరేషన్ అయిపోయిందా?"

"ఏం ఆపరేషన్ రిబ్కక్కా?"

"అదేందమ్మా! దీవెన ప్రార్థన మనవి పెట్టింది కదా, నువ్వు పెద్ద దవాఖానాలో ఉన్నావని. ఫోన్లు చేసి నిన్ను ఇబ్బంది పెట్టొద్దని చెప్పింది. అందుకే మేమెవ్వరం చెయ్యలేదు. రోజూ నీకోసం మోకరిస్తున్నాం బిడ్డా." అంటూనే ఆవిడ కళ్ళు చిన్నవి చేసి తెరలోకి చూసింది. మహిమ వెనక ఎండ, కాటా, ఎండుచేపలు, పున్నమ్మ నవ్వు మొహం. "ఇదేం దవాఖానా? నీ వెనక సంత ఉందేంటి?"

మహిమకు ఇప్పుడు అర్థమైంది. పల్లెలో తన ఇంట చావు జరిగిందనుకుని ఊరుకున్నారు. పట్నంలో తనకే చావు దగ్గరపడిందనుకుని ఊరుకున్నారు. ఇన్ని రోజులూ తనను ఎవరూ మరిచిపోలేదు. అందరూ ప్రేమతోనే నోరు మూసుకున్నారు. ఆ ప్రేమనే తలుపుగా చేసి దీవెన గడియ పెట్టింది. దుఃఖం మాయమై ఆమె ఒళ్ళంతా వేడెక్కింది.

"నాకు ఏ రోగం లేదు రిబ్కక్కా. రాయిలాగ ఉన్న. నువ్వు ఎక్కడున్నవ్?"

"మందిరంలో. శుక్రవారం ఉపవాస కూడిక కదా. నీకోసమే ప్రత్యేకంగా పెట్టారు ఈ వారం. ఆడవాళ్ళందరం వచ్చాం. నీ పేరు కనబడితే నేను బయటికి వచ్చి ఎత్తాను." రిబ్కక్క ఆగింది. లోపల్నుంచి మైకులో ఒక ఆడగొంతు వినబడుతోంది, మధ్య మధ్యలో వెక్కిళ్ళతో. ఆ గొంతు మహిమ నిద్రలో కూడా గుర్తుపట్టగలదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి అదే మైకు ముందు పాటలు పాడారు.

రిబ్కక్క మాట్లాడకుండా ఫోన్‌ను కిటికీ వైపు తిప్పింది. బారులు తీరి చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు. తెల్లచీరలు, కప్పుకున్న చెంగులు, కొందరి కళ్ళల్లో నీళ్ళు. వాళ్ళ ముందు మైకు పట్టుకుని దీవెన.

"అక్కకు ఇంకా తెలివి రాలేదు. ఈ కష్టంలో అక్క ఫోన్ కూడా ఎవరో కొట్టేశారు. అందుకే ఇప్పుడే అన్ని గ్రూపుల్లోంచి ఆ నంబరు తీసేశాను. అక్క పేరు చెప్పి ఎవరు కాల్ చేసినా దయచేసి ఎత్తకండి. అక్క మొదలుపెట్టిన పనిని ఇకనుంచి నేను..."

రిబ్కక్క ఫోన్ తన వైపు తిప్పుకుంది. ఆవిడ మొహంలో అయోమయం పోయి, బాగా కోపం వచ్చినప్పుడు కనబడే ఎరుపు కనబడుతోంది. "ఏం చెయ్యమంటావే?" అంది.

సంతలో మూటల మీద కూర్చున్న మహిమ లేచి నిలబడింది. జారిన చెంగు సర్దుకుంది. నాగక్కనూ పున్నమ్మనూ చెయ్యి పట్టి లాగి తన పక్కన, తెరలో కనబడేలా నిలబెట్టుకుంది.

"రిబ్కక్కా, ఫోన్ అట్లనే పట్టుకో, కట్ చెయ్యకు. తలుపు తీసి లోపటికి నడువు. నన్ను ఆ మైకు దగ్గరికి తీస్కపో."